మినియాపొలిస్ చలి నుంచి హనుమకొండ ఎండలోకి: పిల్లలతో వాపస్ రావాలంటే ముందు ఏం చూసుకోవాలి?

నమస్తే. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. పన్నెండేళ్లుగా మినియాపొలిస్‌లో ఉంటున్నారు. భార్యాభర్తలిద్దరికీ ఇంకా ఇండియన్ పాస్‌పోర్టులే. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు, పెద్దమ్మాయికి పన్నెండు, చిన్నోడికి ఐదు. అమ్మానాన్నలు హనుమకొండలో ఒంటరిగా ఉన్నారు, అందుకని వచ్చే ఏడాది వచ్చేద్దామనుకుంటున్నారు. పిల్లలు ఇక్కడి ఎండకు, రోగాలకు తట్టుకుంటారా అని ఒక ప్రశ్న. డిసెంబర్ సెలవులకు వచ్చినప్పుడే ఇల్లు కొనేసి వెళ్తే మంచిదా అని ఇంకో ప్రశ్న.

పిల్లలు తట్టుకుంటారు, ధైర్యంగా రండి. ఇల్లు మాత్రం డిసెంబర్‌లో కొనొద్దు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కిరాయి ఇంట్లో గడిపాకే కొనండి. బడులు తెరిచే జూన్‌లో దిగేలా చూసుకోండి. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతికి రాకముందే రండి.

నేను ఇంగ్లండ్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చి హనుమకొండలో పిల్లల డాక్టర్‌గా ప్రాక్టీస్ చేస్తున్నాను. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. అందుకే ఆరోగ్యం గురించి కాస్త ఎక్కువగా, మిగతావి తక్కువగా రాస్తాను.

డిసెంబర్ ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను. డిసెంబర్, జనవరిలో వరంగల్ ఎవరికైనా నచ్చుతుంది. పొద్దున పల్చటి చలి, మధ్యాహ్నం హాయిగా ఎండ, దోమలు తక్కువ, చుట్టాలంతా ఇంట్లోనే. అప్పుడు చూసి నచ్చిన ఇల్లు మే నెలలో ఎలా ఉంటుందో, ఆగస్టులో ఎలా ఉంటుందో తెలియదు. ఏప్రిల్ నెలాఖరు నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా ఇక్కడ 42 నుంచి 45 డిగ్రీలు మామూలే. మీ లెక్కలో 108 నుంచి 113 ఫారన్‌హీట్. వీలైతే వచ్చే ముందు ఒక్కసారి మే నెలలో పిల్లల్ని తీసుకొచ్చి రెండు మూడు వారాలు ఉండండి. పది డిసెంబర్‌లలో తెలియనిది అప్పుడు తెలుస్తుంది.

ఇక ఎండ. చలిదేశం నుంచి వచ్చిన ఒంటికి ఇక్కడి వేడి అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాల్లో చెమట పట్టే తీరు మారుతుంది, చెమటలో ఉప్పు పోవడం తగ్గుతుంది. ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి, కారులోంచి మళ్లీ ఏసీ గదిలోకి తిప్పితే ఈ మార్పు రాదు. మొదటి రోజుల్లో పొద్దున ఏడింటిలోపు, సాయంత్రం ఆరు దాటాక పిల్లల్ని బయట ఆడనివ్వండి. రోజుకింత పెంచుకుంటూ పోండి. పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి పంపొద్దు.

తిరిగొచ్చిన పిల్లల్లో నేను తరచూ చూసే సమస్య వడదెబ్బ కాదు. మధ్యాహ్నం తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట. తల్లిదండ్రులు ఎండ వల్ల అనుకుని తీసుకొస్తారు. బడికి తీసుకెళ్లిన బాటిల్ సాయంత్రం ఎలా వస్తోందని అడుగుతాను. చాలాసార్లు నిండుగానే వస్తోందంటారు. బడిలో టాయిలెట్ నచ్చక పిల్లలు నీళ్లు తాగడమే మానేస్తారు. ఇది ఆడపిల్లల్లో మరీ ఎక్కువ. బడి చూడ్డానికి వెళ్లినప్పుడు స్మార్ట్ క్లాస్‌రూమ్ కంటే ముందు టాయిలెట్లు చూడండి, మీ అమ్మాయినీ లోపలికి పంపి చూడమనండి. కూర్చునే కమోడ్ ఉందా, తలుపు గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా చూసుకోండి. ఇండియన్ టాయిలెట్ వాడటం ఇక్కడికి బయల్దేరకముందే నేర్పించండి. ఇంటికొచ్చాక మూత్రం లేత పసుపుగా ఉంటే సరే, చిక్కటి పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదని అర్థం.

ఓఆర్‌ఎస్ విషయంలో ఒక జాగ్రత్త. మందుల షాపులో డబ్బా పానీయాలు చాలా దొరుకుతాయి, వాటిలో చక్కెరే ఎక్కువ. అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న 20.5 గ్రాముల పొడి ప్యాకెట్ అడిగి తీసుకోండి. మొత్తం ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు కొంచెం అని అంచనాగా వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి. మామూలు రోజుల్లో దాని అవసరమే లేదు. పల్చటి మజ్జిగలో ఉప్పేసి ఇస్తే చాలు.

ఇప్పుడు జ్వరాలు. వానలు మొదలయ్యాక, ముఖ్యంగా ఆగస్టు నుంచి నవంబర్ దాకా, ఇక్కడ ప్రతి జ్వరానికీ డెంగీ అనే టెన్షన్ ఉంటుంది. మీరు ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: వానాకాలంలో జ్వరమొస్తే ఐబుప్రొఫెన్ ఇవ్వొద్దు, పారాసిటమాల్ మాత్రమే ఇవ్వాలి. అమెరికా నుంచి వచ్చే ప్రతి కుటుంబం సూట్‌కేస్‌లో మోట్రిన్, ఆడ్విల్ సీసాలుంటాయి. రెండూ ఐబుప్రొఫెనే. డెంగీలో రక్తస్రావం అయ్యే ప్రమాదాన్ని అది పెంచుతుంది. పారాసిటమాల్‌లోనూ ఒక చిక్కుంది. మీ దగ్గరి పిల్లల టైలెనాల్‌లో 5 ఎంఎల్‌కి 160 మిల్లీగ్రాములుంటాయి. ఇక్కడి సిరప్‌లలో 120 ఉన్నవీ ఉన్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. అక్కడ ఎన్ని ఎంఎల్ ఇచ్చేవారో అలవాటు మీద ఇక్కడా అన్నే పోస్తే డోసు తక్కువన్నా అవుతుంది, ఎక్కువన్నా అవుతుంది. సీసా మీద చూసి, బరువు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఆరు గంటలకోసారి ఇవ్వండి.

డెంగీలో జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజే జాగ్రత్తగా చూడాల్సిన రోజు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతున్నప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడుకోవడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చుట్టాలంతా ప్లేట్‌లెట్లు ఎన్ని అని ఫోన్లు చేస్తారు. మాకు ఆ అంకె ఒక్కటే సరిపోదు. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారుతోందా, రక్తం చిక్కబడుతోందా అన్నది అంతకంటే ముఖ్యం. అంకె చూసి భయపడి ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టర్‌ను ఒత్తిడి చేయకండి.

డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచి నీళ్లలో పెరుగుతుంది. దోమతెర రాత్రికే కట్టుకుంటే దీనికి చాలదు. కిటికీలకు, తలుపులకు జాలీ ఉన్న ఇల్లే తీసుకోండి. కూలర్ తొట్టి, పూలకుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనకాల ట్రే వారానికోసారి ఖాళీ చేసి రుద్ది కడగాలి. మున్సిపాలిటీ వాళ్లు ఫ్రైడే డ్రైడే అని చెప్పేది ఇదే.

టీకాల్లో అమెరికా పిల్లలకు సాధారణంగా ఉండనివాటిలో రెండు చెప్తాను. టైఫాయిడ్ ఒకటి, క్షయకు వేసే బీసీజీ ఒకటి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా (టీసీవీ) ఒక్క డోసు, దిగిన మొదటి వారంలోనే వేయించండి, పెద్దవాళ్లూ వేయించుకోండి. ఈ రకం టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదట ఆమోదించింది మన హైదరాబాద్‌లో తయారైనదే. బీసీజీ చిన్నోడికి అవసరమా కాదా అన్నది వాడిని చూసే పిల్లల డాక్టర్ నిర్ణయిస్తారు. హెపటైటిస్ ఏ అక్కడ రెండు డోసులూ పూర్తయ్యాయో లేదో రికార్డులో చూసుకోండి. టీకా వేయించినా సరే, మొదటి ఆరు నెలలు పానీపూరీ, ఐస్‌గోలా, బండి మీది చెరుకు రసం వద్దు. వేడివేడి ఇడ్లీ, కళ్లముందు కాల్చిన మక్కకంకి నిరభ్యంతరంగా పెట్టండి.

కుక్కలు, కోతులు. హనుమకొండలో రెండూ ఎక్కువే. అమెరికాలో పెరిగిన పిల్లలకు కుక్క కనిపిస్తే దగ్గరికెళ్లి నిమరడం అలవాటు, అది ముందే మాన్పించాలి. కరిచినా, గోరుతో గీరినా, రక్తం రాకపోయినా సరే పదిహేను నిమిషాలు సబ్బు పెట్టి కుళాయి ధార కింద కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి, చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే రేబీస్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. చిన్నోడికి రేబీస్ ముందస్తు డోసులు వేయించమని నేను గట్టిగా చెప్తాను. అవి పడి ఉంటే, తర్వాత ఎప్పుడైనా కరిచినప్పుడు రెండు డోసులతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు.

పిల్లల్లో ఎవరికైనా పల్లీల అలర్జీ ఉంటే దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన తెలంగాణ వంటింట్లో పల్లీలు, నువ్వులు లేని రోజుండదు. టిఫిన్‌లోకి పల్లీ చట్నీ, అన్నంలోకి పల్లీల పొడి, సర్వపిండిలో పల్లీ పలుకులు, బతుకమ్మకు నువ్వుల సద్ది, వంటకు పల్లీ నూనె. నా దగ్గరికి వచ్చే ఒక పాప బడిలో పక్కపిల్ల ఇచ్చిన ఒక్క ముద్ద పులిహోరతో మొహమంతా వాచి వచ్చింది. అలర్జీ తీవ్రమైనప్పుడు వెంటనే పొడిచే ఎపిపెన్ లాంటి ఆటో ఇంజెక్టర్లు ఇక్కడ మందుల షాపుల్లో సులువుగా దొరకవు. అక్కడి నుంచే సరిపడా తెచ్చుకోండి, ఒకటి బడిలో ఉంచండి, ఎలా వాడాలో టీచర్‌కు, నానమ్మకు, తాతయ్యకు చేసి చూపించండి. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, అతిచురుకుదనం సమస్యకు) అడెరాల్ వాడుతుంటే అది మన దేశంలో అమ్మరు. ఇక్కడ దొరికే మిథైల్‌ఫెనిడేట్‌కు మారడం కుదురుతుందేమో అక్కడి డాక్టర్‌తో ముందే తేల్చుకుని, మార్చి, కొన్ని వారాలు చూసి అప్పుడు బయల్దేరండి. మిగతా మందులేవైనా బ్రాండ్ పేరుతో కాకుండా జనరిక్ పేరుతో రాయించుకోండి.

ఇప్పుడు ఇల్లు. కాకతీయులు కట్టించిన గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగిన ఊరు మనది. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు వెళ్లే దారులుండేవి. ఆ దారుల మీదే ఇప్పుడు చాలా కాలనీలున్నాయి. 2020 ఆగస్టులో, 2023 జులైలో, 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను అప్పుడు వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్లలో ఉన్నాయి. హంటర్ రోడ్డు చుట్టుపక్కల, ఎన్టీఆర్ నగర్, సమ్మయ్యనగర్ వైపు పడవలు తిరిగాయి. 2023 జులైలో పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంత వాన ఇంకోసారి రాదని ఎవరూ చెప్పలేరు.

నాకు తెలిసిన ఒక కుటుంబం న్యూజెర్సీ నుంచే వీడియో కాల్‌లో చూసి గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు కొన్నారు. వాళ్లు సామాను సర్దుకున్న ఏడాదే హాల్లోకి మోకాళ్లలోతు నీళ్లొచ్చాయి. అమ్మినతను గోడలకు కొత్త రంగు వేసి ఇచ్చాడు కాబట్టి పాత మరక కనిపించలేదు. పక్కింటి ప్రహరీ మీద మాత్రం గీత గీసినట్టు మరక ఉండనే ఉంది. అందుకే ఇంటిని కాదు, చుట్టుపక్కల గోడలను చూడండి. బ్రోకర్‌ను కాదు, వీధి మూల ఇస్త్రీ బండి అతన్ని, కిరాణా షాపు అమ్మను అడగండి: ఆ మూడు వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎన్ని రోజులున్నాయి అని. ఆ స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లుండే హద్దు), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లోకి వస్తుందేమో ఇరిగేషన్ ఆఫీసులో, కుడాలో (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) కనుక్కోండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు స్థానిక లాయర్‌కు చూపించండి. బ్యాంకు లోను ఇచ్చిందంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అనుకోవద్దు.

నీళ్ల భయంతో పై అంతస్తు తీసుకుంటే ఎండ బాధ. స్లాబ్ పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, బెడ్‌రూమ్‌లో స్టూల్ ఎక్కి సీలింగ్‌కు అరచేయి ఆనించి చూడండి, అర్థమైపోతుంది. మధ్య అంతస్తు, పడమటి గోడకు బెడ్‌రూమ్ లేని ఫ్లాట్ దొరికితే అదే మేలు. కూలర్ మే నెల పొడి గాలిలో బాగా పనిచేస్తుంది, జులై నుంచి అదే కూలర్ గదిని ఉక్కపోత చేస్తుంది. కాబట్టి కనీసం పిల్లల గదికి ఏసీ, ఇంటికి ఇన్వర్టర్ లెక్కలో పెట్టుకోండి. వేసవిలో గాలిదుమారం లేచిన సాయంత్రాలు కరెంటు పోతుంది.

బడి సంగతికి వస్తే, తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి. మీ అమ్మాయి తెలుగు మాట్లాడుతుందని రాశారు. చదవడం, రాయడం ఇప్పుడే మొదలుపెట్టించండి. వచ్చాక ఏడో తరగతిలో ఒత్తులు నేర్చుకుంటూ కూర్చుంటే పిల్ల చిన్నబోతుంది.

పై చదువుల గురించి ఎవరూ సరిగ్గా చెప్పని విషయం ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) తేదీ. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ లాంటి ప్రవేశాల్లో ఎన్నారై సీట్లకో, అదనంగా పెట్టే సూపర్‌న్యూమరరీ సీట్లకో మాత్రమే అర్హులు. అంతకుముందే కార్డు తీసుకున్నవాళ్లకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. అంటే మీ అమ్మాయికి చిన్నప్పుడే కార్డు తీసుకుని ఉంటే తనకో దారి, ఆ తేదీ తర్వాత కార్డు వచ్చి ఉంటే మీ వాడికి ఇంకో దారి. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు రకాలు. అదిగాక రాష్ట్రంలో మెడికల్ సీట్లకు లోకల్ కోటాలోకి రావాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదవాలని 2024లో నిబంధన వచ్చింది, సుప్రీంకోర్టు 2025లో దాన్ని సమర్థించింది. తొమ్మిదిలోపు రమ్మని మొదట్లోనే అన్నది అందుకే. డాక్టర్ చదువు ఆలోచన లేకపోయినా సరే, పదో తరగతి మధ్యలో పిల్లను ఊడబెరికి తేవొద్దు. ఇంకో మాట, ఇరవై ఏళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు, ఫొటో ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి.

డబ్బు విషయాలు నా వృత్తి కాదు కాబట్టి ముఖ్యమైనవే చెప్తాను. తిరిగొచ్చాక ఎన్నారైల కోసం ఉండే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలను అలాగే ఉంచకూడదు, రెసిడెంట్ ఖాతాగానో, విదేశీ కరెన్సీలో ఉంచుకునే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో మార్పించాలి. మీలా చాలా ఏళ్లు బయట ఉన్నవాళ్లకు సాధారణంగా రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్) అనే పన్ను హోదా ఉంటుంది, అది ఉన్నంతకాలం అమెరికాలో వచ్చే ఆదాయం మీద ఇక్కడ సాధారణంగా పన్ను పడదు. కాబట్టి అక్కడి రిటైర్‌మెంట్ ఖాతా 401కే గురించి హడావుడి పడకుండా, బయల్దేరే ముందే రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో కూర్చోండి. ఎన్నారైగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు. చుట్టాలెవరైనా అడ్వాన్స్ పంపమంటే పంపకండి.

చివరిగా ఇన్సూరెన్స్ గురించి, మీ అమ్మానాన్నలకు ఆసుపత్రి గురించి, ఎందుకంటే మీరు వస్తున్నదే వాళ్ల కోసం. మీకు, పిల్లలకు హెల్త్ ఇన్సూరెన్స్ ఇక్కడికి బయల్దేరకముందే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, ఆ గడియారం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. హనుమకొండనా, హైదరాబాదా అని చాలామంది ఆసుపత్రుల కోసమే తర్జనభర్జన పడతారు. ప్లాన్ చేసుకుని చేయించుకునే ఆపరేషన్లకు హైదరాబాద్ వెళ్లొచ్చు, రోడ్డు మీద మూడు గంటలే. కానీ గుండెపోటు, పక్షవాతం అనుమానం వస్తే కారెక్కించి హైదరాబాద్ తీసుకెళ్లొద్దు. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఘట్‌కేసర్ ట్రాఫిక్‌లో ఆ సమయం పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ముందు ఇక్కడే చికిత్స మొదలుపెట్టించి, తర్వాత అవసరమైతే మార్చాలి. దగ్గర్లో క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల అడ్డు తీసే గది), సీటీ స్కాన్ రాత్రిపూట కూడా నడిచే ఆసుపత్రి ఏదో వచ్చిన మొదటి వారంలోనే స్వయంగా వెళ్లి చూసి, ఆ నంబర్ అమ్మ ఫోన్‌లో, ఫ్రిజ్ మీద పెట్టండి.

పిల్లలిద్దరి ఓసీఐ కార్డుల తేదీలు, వాళ్లకున్న అలర్జీలు, ఇప్పుడు వాడుతున్న మందులు ఇక్కడ రాయండి. వాటిని బట్టి బయల్దేరేలోపు ఏమేం తెచ్చుకోవాలో విడిగా చెప్తాను.